థగ్గుగారి ముద్దుపేరు

“థగ్! థగ్! ఒరేయ్, థగ్!”

మైకుగారు కేకేసింది కుక్కని. ఆగింది మాత్రం ఎదురింటి టైలరమ్మ. బరువు తగ్గాలని డాక్టరు చెప్పాడని ఆవిడ మూడు వారాలుగా పొద్దున్నే పార్కు చుట్టూ నడుస్తోంది. ఆ మూడు వారాల్లో తగ్గింది చెప్పుల మందం ఒక్కటే. అలాంటి మనిషి వెనకాల ఒక మగగొంతు, వీధి వీధంతా వినబడేట్టు, “తగ్గు! తగ్గు!” అని అరిస్తే ఎలా ఉంటుంది?

“ఎవర్నయ్యా తగ్గమంటున్నావ్?”

“మిమ్మల్ని కాదమ్మా, కుక్కని.”

“కుక్కకేం రోగం? అది సన్నగానే ఉందిగా!”

“అది కాదమ్మా. దాని పేరే థగ్.”

“తగ్గు అని పేరెవరైనా పెడతారా? రేపు పిల్లిని తెచ్చి పెరుగు అని పెడతారా?”

ఆవిడ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన కుట్టడానికిచ్చిన చొక్కాని మాత్రం రెండంగుళాలు తగ్గించి కుట్టి పంపింది.

మైకుగారికి ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన మనిషి. రావాల్సిన బస్సు ఎప్పుడొస్తుందో తనకే తెలియకపోయినా, ‘మరికొద్దిసేపట్లో’ అన్న మాటని ఎంత నమ్మకంగా అనేవాడంటే, జనం లేచి సంచులు సర్దుకునేవాళ్ళు. చివరికి ఒక రోజు ఆయన కుర్చీలో ఒక పెట్టె వచ్చి కూర్చుంది. పెట్టెలో ఒక అమ్మాయి గొంతు. ఆవిడకి జలుబు చెయ్యదు, టీ అడగదు, సెలవు పెట్టదు. మైకుగారికి పూలదండ వేశారు, గొడుగిచ్చారు, పంపించారు. అప్పటికే మోకాళ్ళు రెండూ ఆయనకన్నా ముందు రిటైరయ్యాయి.

అలాంటి మనిషి చేతికి అయిదు కుక్కల తాళ్ళు ఎలా వచ్చాయంటే, బావమరిది వల్ల వచ్చాయి.

బావమరిదికి ఇరవై ఏడేళ్ళు. ర్యాప్ పాడతాడు. స్టేజి మీద వాడి పేరు ‘డేంజర్’. ఇంట్లో గ్యాసు సిలిండరు మార్చడానికి భయపడతాడు గానీ, పేరు మాత్రం డేంజరే. వాడికొక ముఠా ఉంది. ముఠా అంటే కంగారుపడక్కర్లేదు, ఒక బ్యాంకు గుమాస్తా, ఒక కళ్ళద్దాల షాపు కుర్రాడు, ఇద్దరు ఏ పనీ లేని అన్నదమ్ములు. అందరివీ వదులు చొక్కాలు, బిగుతు మొహాలు. ఒక్కొక్కడికీ ఒక్కో కుక్క. పేర్లు పెట్టడానికి ఒక ఆదివారం పొద్దుట కూర్చుని సాయంత్రం లేచారు. కిల్లర్, సావేజ్, ట్రిగ్గర్, బాస్. బావమరిది కుక్క థగ్.

“పేరంటే యాటిట్యూడ్ బావా! వినగానే ఎదుటివాడు ఒక అడుగు వెనక్కెయ్యాలి. పేరులో దమ్ముండాలి.”

“మూడో అంతస్తు ఎక్కేసరికి నాకే దమ్ముండట్లేదురా. కుక్కకెక్కణ్ణుంచి తేను?”

“నువ్వు పొద్దున్నే తిప్పు చాలు. నడిస్తే నీ మోకాళ్ళకీ మంచిదేనంట, డాక్టరు చెప్పాడంటగా.”

ముఠా సభ్యులకి పది గంటలకి గానీ తెల్లారదు. అందుకని అయిదు తాళ్ళూ మైకుగారి చేతిలో పడ్డాయి. ఆ తాళ్ళ చివర తిరిగేవి ఎలాంటివో చెప్పాలి. కిల్లర్ తన నీడ చూసి తనే మొరిగేది, మొరిగాక తన మొరుగుడికి తనే ఉలిక్కిపడేది. సావేజ్ సీతాకోకచిలక వస్తే దారిచ్చేది. థగ్ అయితే దూడంత నల్లకుక్క, మొహం వెడల్పు, లోపల దూది. దారిలో చంటిపిల్ల ఎవరైనా ఏడిస్తే తనూ పక్కన కూర్చుని ఏడ్చేది.

కుక్కలతో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా కేకతోనే. ఇరవై ఎనిమిదేళ్ళు బస్టాండు గోలమీద గెలిచిన గొంతు అది. చిన్నగా పిలుద్దామన్నా పెద్దగానే వచ్చేది. “కిల్లర్!” అంటే పేపర్లమ్మే ఆయన, “పొద్దున్నే చిల్లర ఎక్కడిది సార్?” అనేవాడు. “ట్రిగ్గర్!” అంటే ముందుపోతున్న సైకిలాయన ‘తిరగరా’ అనుకుని గోడలోకి తిరిగాడు. సావేజ్ సంగతి చెప్పకపోవడమే మంచిది. చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తున్న ఒకావిడ ఆ చీపురుతోనే “ఎవర్ని సావమంటున్నావురా?” అని పార్కు గేటు దాకా వచ్చింది.

రెండు వారాలకి మైకుగారు అలిసిపోయాడు. కాళ్ళు అలిసిపోవడం సరే, అది రోజూ ఉండేదే. సంజాయిషీ చెప్పి చెప్పి నోరు అలిసిపోయింది. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాడు. వీధి మలుపు దాకా ముఠా పెట్టిన పేర్లు. మలుపు తిరిగాక తను పెట్టిన పేర్లు, ఏ ఇంట్లోనైనా పిల్లల్ని పిలుచుకునే మామూలు పేర్లు. కుక్కలకి రెండు రోజుల్లో పట్టుబడ్డాయి. తోకలు ఊపుకుంటూ వచ్చేవి. వాటిని చూసి వీధిలో ఎవరూ ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

ఇంకో గుట్టు కూడా ఉంది. థగ్ మెడకో పట్టీ ఉండేది. కిలో బరువు, చుట్టూ మేకులు, ముందువైపు అరచెయ్యంత ఇత్తడి అక్షరాలు. స్టేజి మీద బావమరిది మెడలో గొలుసుకి జోడీ. ఆ పట్టీ రాపిడికి కుక్క మెడమీద వెంట్రుకలు రాలి చర్మం ఎర్రబడింది. మైకుగారు పార్కులోకి వెళ్ళగానే దాన్ని విప్పి సంచిలో వేసి, తాడుని ఛాతీ చుట్టూ కట్టేవాడు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ తొడిగేవాడు.

ఇలా పదకొండు నెలలు గడిచాయి. ఎవరికీ చెప్పలేదు. భార్యకి కూడా చెప్పలేదు. ఆవిడకి చెబితే తమ్ముడికి చెప్పినట్టే.

ఒక మంగళవారం పొద్దున పార్కు పక్కన ఒక లారీ టైరు పేలింది. కిల్లర్ బెంచీ కిందికి దూరింది. సావేజ్ మైకుగారి మీదికి ఎక్కింది. థగ్ మాత్రం తాడు తెంపుకుని, మెడలో పట్టీ లేకుండా, రోడ్డుమీద పడి పారిపోయింది. మైకుగారు నాలుగు కుక్కల్ని వాటి ఇళ్ళలో దింపి, నాలుగు గంటలు వీధులన్నీ వెతికాడు. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. పన్నెండింటికి పేపర్లాయన చెప్పాడు, వీధికుక్కల్ని పట్టే వ్యాను దాన్ని ఎక్కించుకుపోయిందని.

బావమరిది అప్పటికే కుక్కల యార్డుకి పరిగెత్తాడు. భార్య ఫోనులో ఒక్కటే మాటంది. “వాణ్ణి తీసుకురాకుండా ఇంటికి రాకండి.”

“ఏ వాణ్ణి?”

“ఇద్దర్నీ!” అని పెట్టేసింది.

కుక్కల యార్డు ఊరి చివర పాత గిడ్డంగిలో ఉంది. రేకుల కప్పు, సిమెంటు నేల, వరసగా ఇనుప జాలీ గదులు. తలుపు దగ్గర ఒక బల్ల, బల్ల వెనకాల ఒక ఆఫీసరమ్మ. చెప్పులు విడిచి, వాచిన పాదాలు రెండూ ఒక అట్టపెట్టె మీద పెట్టుకుని రాసుకుంటోంది. ఆ పాదాల్ని చూసి మైకుగారికి ఆవిడమీద గౌరవం కలిగింది.

బావమరిది ముందే వచ్చి ఉన్నాడు. ముఠా కూడా వచ్చింది, నల్లకళ్ళద్దాలతో. రేకుల షెడ్డులో ఆ అద్దాలకి ఏమీ కనబడక ఒకడు తూములో కాలు వేశాడు.

“మేడం, ఫోటోలున్నాయి నా దగ్గర. చూడండి, ఎన్నున్నాయో!” అంటున్నాడు బావమరిది.

ఆఫీసరమ్మ ఫోను తీసుకుని ఒకటి చూసింది, రెండు చూసింది, ఇరవై చూసింది. “ప్రతిదాంట్లోనూ కుక్కకి కళ్ళజోడూ టోపీ ఉన్నాయిగా నాయనా. మొహమేది?”

“అది దాని స్టైల్ మేడం.”

“నాకు స్టైల్ అక్కర్లేదు, మొహం కావాలి. లోపల నల్లవి ఏడున్నాయి.” ఆవిడ ఫోను తిరిగిచ్చేసింది. “పోయిన నెల ఒకాయన వచ్చి మంచి జాతికుక్కని నాదేనని తీసుకుపోయాడు. అసలువాళ్ళు మర్నాడు ఏడుస్తూ వచ్చారు. అప్పట్నుంచి పద్ధతి మారింది. మెడపట్టీ ఉందా? లేదు. అయితే పిలుపు పరీక్షే.”

పద్ధతేమిటో చెప్పింది. కుక్క పేరు ముందే ఫారంలో రాసి సంతకం పెట్టాలి. నల్లకుక్కలన్నిటినీ మధ్య ఖాళీస్థలంలోకి వదులుతారు. యజమాని ఆ స్థలానికి అడ్డంగా కట్టిన నీలంరంగు ప్లాస్టిక్ పట్టా వెనకాల నిలబడి, రాసిన పేరుతోనే పిలవాలి. బిస్కెట్లు ఊపకూడదు, చప్పట్లు కొట్టకూడదు, ఈల వెయ్యకూడదు. మూడుసార్లు పిలవచ్చు. కుక్క వస్తే తీసుకుపోవచ్చు. రాకపోతే నాలుగింటికి లారీ వస్తుంది, ఎవరికీ పలకనివాటిని వేరే ఊళ్ళో పెద్ద షెల్టరుకి తీసుకుపోతుంది.

“అక్కణ్ణుంచి తెచ్చుకోవచ్చా?” అన్నాడు మైకుగారు.

“అక్కడికెళ్ళాక అది ఎవరిదో ఒకరిదైపోతుందండీ. మా చేతిలో ఉండదు.”

గోడ గడియారంలో మూడూ ఇరవై.

బావమరిది పెద్ద అక్షరాలతో ‘థగ్’ అని రాశాడు. సంతకం డేంజర్ అని పెట్టబోతే ఆఫీసరమ్మ కొట్టేయించి అసలుది పెట్టించింది. మైకుగారు ఆ ఫారం వైపు చూశాడు. ఇంట్లో ఆ కుక్కని పేరుపెట్టి పిలవాల్సిన అవసరమే రాదు, గిన్నె చప్పుడైతే చాలు. బయట పిలిచేది తనొక్కడే. తను పిలిస్తే అది పలికే పేరు ఆ ఫారంలో లేదు.

చెప్పచ్చు. చెబితే పట్టీ సంగతి చెప్పాలి, పేర్ల సంగతి చెప్పాలి, అన్నిటికన్నా ముందు ఆ పేరేదో చెప్పాలి. మిగతావి ఎలాగో మింగించగలడు గానీ, ఆ పేరు మాత్రం వీడి ముందు చెప్పలేడు. ఒకవేళ దానంతట అదే వస్తుందేమో, చూద్దాం అనుకున్నాడు. ‘మరికొద్దిసేపట్లో’ అని లక్షసార్లు చెప్పినవాడికి తన మాట తనే నమ్మడం కష్టమేమీ కాదు.

బావమరిది పట్టా వెనకాల నిలబడ్డాడు. ముఠా ఫోన్లు పైకెత్తింది. వాడు ఛాతీ విరిచి, స్టేజి గొంతు తెచ్చుకుని గర్జించాడు.

“థగ్! యో! థగ్!”

ఏడు నల్లకుక్కల్లో రెండు గోడవైపు పరిగెత్తాయి. ఒకటి ఉచ్చపోసుకుంది. థగ్ నేలమీద పడుకుని ఉంది, చెవి కూడా కదపలేదు. పాపం దాని తప్పేముంది? ఆ గొంతు అది రోజూ వింటూనే ఉంటుంది, మేడమీద స్పీకర్లలోంచి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిచే డబ్బా అరుపుకి లేవక్కర్లేదని ఎప్పుడో తేల్చుకుంది.

“ఒకటి,” అంది ఆఫీసరమ్మ.

“మైకుంటే బావుండేది,” అన్నాడు కళ్ళద్దాల షాపు కుర్రాడు.

“పక్కనే ఉన్నాడుగా మైకు,” అన్నాడు గుమాస్తా, మైకుగారి వైపు చూస్తూ.

ఎవరూ నవ్వలేదు. బావమరిది మళ్ళీ పిలిచాడు. ఈసారి గొంతులో గర్జన సగమే ఉంది, మిగతా సగం వణుకు. థగ్ తల ఎత్తి, చుట్టూ చూసి, మళ్ళీ కాళ్ళమీద పెట్టుకుంది.

“రెండు. ఇంకొక్కటే నాయనా. కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగు.”

వాడు కూర్చోలేదు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తుడవాల్సింది అద్దాలు కాదని అక్కడ అందరికీ తెలుస్తూనే ఉంది. “బావా, అది నాది కాదంటోంది బావా,” అన్నాడు మెల్లిగా. “సంవత్సరం నుంచీ పెంచుకుంటున్నా. నా పిలుపే తెలీదంటోంది.”

మైకుగారు వెళ్ళి ఆఫీసరమ్మ బల్లకి ఎదురుగా ఉన్న స్టూలుమీద కూలబడ్డాడు.

“అమ్మా, ఫారంలో పేరు మార్చచ్చా?”

“పిలవకముందే మార్చి రాస్తే తీసుకుంటాను. వచ్చాక రాస్తానంటే కుదరదు. మీరెవరు?”

“దాన్ని పోగొట్టింది నేనే. పేరు చెడగొట్టింది కూడా నేనే.”

“ఏం పేరు?” అన్నాడు బావమరిది, పక్కకి వచ్చి.

మైకుగారు బొంగురుపోయిన గొంతుతో, వీలైనంత చిన్నగా చెప్పాడు. “బుజ్జికొండ.”

ముఠాకి ఆ పేరు కొత్త. బావమరిదికి కాదు. అది వాడి పేరే.

తల్లి పోయాక నాలుగేళ్ళ పిల్లవాడుగా అక్కతోబాటు ఈ ఇంటికి వచ్చిన రోజున మైకుగారు వాడికి పెట్టిన పేరది. వాడు బస్టాండులో తప్పిపోతే మైకులో, “బుజ్జికొండా, ఎక్కడున్నా మైకు గది దగ్గరికి రా నాన్నా,” అని పిలిస్తే, ఆ రోజు బస్సులెక్కిన జనమంతా దిగి వెతికారు. వాడు పెద్దయి, మొదటిసారి స్టేజి ఎక్కిన సాయంత్రం, మైకుగారు సంతోషం పట్టలేక వెనక వరసలోంచి అదే పేరుతో అరిచాడు. హాలంతా గొల్లుమంది. ఇంటికొచ్చాక వాడు కోప్పడలేదు కూడా. “ఇంకెప్పుడూ ఆ పేరుతో పిలవద్దు బావా,” అన్నాడు. ఆ తరవాత ఆయన ఒక్కసారీ పిలవలేదు.

“నా పేరు కుక్కకి పెట్టావా?” అన్నాడు బావమరిది.

“నువ్వు వద్దన్నావు కదరా.”

“వద్దంటే కుక్కకి పెడతావా?”

“వాడకుండా ఎన్నాళ్ళని ఉంచనురా? నోటికి ఇరవై ఏళ్ళ అలవాటు. పార్కులో అది నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది, నోట్లోంచి వచ్చేసింది. కోపమొస్తే తరవాత తిట్టుకో. అక్కడ మూడూ నలభై అవుతోంది.”

ఆఫీసరమ్మ కొత్త ఫారం తీసింది. “పేరు యజమానే రాయాలి. పిలవాల్సింది కూడా యజమానే. ఈయన పిలిస్తే చెల్లదు.”

బావమరిది పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. ముఠా మొత్తం చూస్తోంది. గుమాస్తా ఎందుకో ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. కళ్ళద్దాల షాపు కుర్రాడు ఇంకా పెట్టలేదు. అన్నదమ్ముల్లో పెద్దవాడు వాడి చెయ్యి కిందికి లాగాడు. బావమరిది వంగి ఆ నాలుగక్షరాలూ రాశాడు. చిన్నప్పుడు పలకమీద దిద్దినంత జాగ్రత్తగా రాశాడు.

వెళ్ళి పట్టా వెనకాల నిలబడ్డాడు. తరవాత గొంతు సవరించుకోవడం వినబడింది. ఆ తరవాత స్టేజి గొంతూ కాదు, డేంజరూ కాదు, పడుకుని లేచిన మామూలు మనిషి గొంతు.

“బుజ్జికొండా. రా నాన్నా.”

థగ్ లేచింది. చెవులు నిక్కబొడుచుకుంది. మొదట మైకుగారి కోసం గిడ్డంగి నాలుగువైపులా చూసింది. గొంతు ఆయనది కాదు, పిలుపు మాత్రం ఆయనదే. కాసేపు దానికి లెక్క తేలలేదు. తేలాక, దూడంత శరీరాన్నీ ఒక్క ఉదుటున విసిరి, నీలం పట్టాని కొక్కేలతో సహా ఊడబెరికి, బావమరిదిని వెల్లకిలా పడేసి, వాడి మొహమంతా నాకింది. వాడు కింద పడి, “ఆగరా, ఆగరా,” అంటున్నాడు. వాడు మాట్లాడుతున్నది దాంతోనో తనతోనో చెప్పడం కష్టం.

“మూడు,” అంది ఆఫీసరమ్మ, ముద్ర కొట్టి. అంతలో పెన్ను ఆపింది. “ఒకే కుక్కకి రెండు పేర్లెందుకు వచ్చాయో ఇక్కడ కారణం రాయాలండీ. పైవాళ్ళు అడుగుతారు. అందరికీ తెలిసేట్టు ఒక్కసారి చెప్పండి, రాసుకుంటాను.”

మైకుగారు లేవలేదు. స్టూలుమీంచే చెప్పాడు. గొంతు సగం పోయింది గానీ, మిగిలిన సగమే షెడ్డుకి సరిపోయింది. టైలరమ్మని తగ్గమన్నట్టు వినబడడం, సైకిలాయన గోడకి తిరగడం, చీపురావిడ తరమడం చెప్పాడు. మలుపు దాకా ఒక పేరు, మలుపు తరవాత ఒక పేరని చెప్పాడు. మెడమీద పుండు పడుతోందని పట్టీ విప్పేవాణ్ణని, అందుకే వీధికుక్క అనుకుని వ్యాను ఎక్కించారని, ఆ తప్పు తనదేనని చెప్పాడు. చెప్పి, సంచిలోంచి ఆ కిలో ఇత్తడి తీసి బల్లమీద పెట్టాడు. బల్ల ఒకవైపు ఒరిగింది.

బావమరిది కుక్క మెడ కింద చెయ్యిపెట్టి వెంట్రుకలు పక్కకి జరిపి చూశాడు. వచ్చి, బావ పక్కనే నేలమీద కూర్చున్నాడు, వీపు ఆయన మోకాలికి ఆనించి. మోకాలు నొప్పెట్టింది. మైకుగారు జరగలేదు.

“అంకుల్,” అన్నాడు గుమాస్తా, కాస్త నీళ్ళు నములుతూ. “మరి మా కిల్లర్‌ని?”

“చిట్టితల్లి.”

“చిట్టి... అది మగది అంకుల్!”

“నేనూ తరవాతే చూశానయ్యా. అప్పటికే పలకడం మొదలెట్టింది.”

“సావేజ్?” అన్నాడు కళ్ళద్దాలవాడు.

“అమ్మలు.”

“మా ట్రిగ్గర్?” అన్నాడు అన్నదమ్ముల్లో చిన్నవాడు, ఒకడుగు వెనక్కేసి.

“పండు.”

పెద్దవాడు చేతులు కట్టుకుని, మొహం బిగించుకుని అడిగాడు. “బాస్‌ని ఏమంటారు?”

మైకుగారు నుదుటిమీద చెమట తుడుచుకున్నాడు. “బాస్‌ని బాస్ అనే అంటానయ్యా. ఇరవై ఎనిమిదేళ్ళు ఉద్యోగం చేసినవాణ్ణి. ఆ మాటొక్కటీ మార్చడానికి నోరు రాలేదు.”